పేరు యేసు అయితే ఇమ్మానుయేలు ఎవరు?

క్లుప్తంగా: ఇమ్మానుయేలు, అంటే 'దేవుడు మనకు తోడు', అన్నది యేసుకు ఇంట్లో పెట్టిన రెండో పేరు కాదు. క్రీ.పూ. 8వ శతాబ్దంలో, యుద్ధభయంతో వణుకుతున్న ఒక రాజుకు ప్రవక్త యెషయా ఇచ్చిన గురుతు అది. దాన్ని మత్తయి సువార్త యేసు పుట్టుకకు అన్వయించింది. మూలంలో ఆ పేరు అభయంతోపాటు హెచ్చరికనూ మోస్తుంది. పండుగ వాడుకలో హెచ్చరిక రాలిపోయి అభయం మిగిలింది. ఏటా డిసెంబరులో ఈ పేరు చుట్టూ లేచే వివాదాలు చాలావరకు ఈ ప్రయాణాన్ని చూడకపోవడం వల్ల వస్తున్నవే.

డిసెంబరు మొదలవుతూనే ఒంగోలు, కందుకూరు, కావలి, నెల్లూరు వీధుల్లో మిద్దెల మీద నక్షత్రాలు వెలుగుతాయి. సెమీ క్రిస్మస్ కూడికల బ్యానర్ల మీద, ఆటోల వెనుక, ప్రార్థనామందిరాల ముఖద్వారాల మీద తరచుగా కనబడే పేర్లలో ఇమ్మానుయేలు ఒకటి. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఆ పేరున్న మనుషులకూ కొదవ లేదు. సరిగ్గా ఈ రోజుల్లోనే ఫోన్లలో ఒక ప్రశ్న కూడా తిరుగుతుంది. ప్రవక్త చెప్పిన పేరు ఇమ్మానుయేలు, పుట్టిన బిడ్డకు పెట్టిన పేరు యేసు. మరి ప్రవచనం నెరవేరినట్టా, తప్పినట్టా?

సండేస్కూలు పిల్లలు అమాయకంగా అడిగేదీ ఇదే, మతచర్చల్లో వాదులాడేవారు పదునుపెట్టి విసిరేదీ ఇదే. "రెండూ ఆయన పేర్లే" అన్నది మామూలుగా వచ్చే జవాబు. తప్పు జవాబేమీ కాదు గానీ, అడిగినవారికి అది దాటవేతలాగే వినిపిస్తుంది.

బైబిలు మొత్తంలో మూడు చోట్లే

పండుగ నాళ్లలో ఇంతగా వినబడే ఈ పేరు బైబిల్లో ఉన్నది మూడే మూడు చోట్ల: యెషయా 7:14, యెషయా 8:8, మత్తయి 1:23. సువార్తల్లో యేసును ఎవరూ ఆ పేరుతో పిలవరు. శిష్యులు బోధకుడా అంటారు, ప్రభువా అంటారు. యెరికో దారిలో గుడ్డివారు దావీదు కుమారుడా అని కేకలు వేస్తారు. సిలువ మీది పలకలో ఉన్నది యేసు పేరు, యూదుల రాజు అన్న మాట. మార్కు, లూకా, యోహాను సువార్తల్లో గానీ పౌలు పత్రికల్లో గానీ ఇమ్మానుయేలు ప్రస్తావన లేదు.

అంటే కొత్త నిబంధనలో ఈ పేరు ఎత్తినవాడు ఒక్క మత్తయి, అదీ ఒక్కసారి. అతను ఎందుకు ఎత్తాడో తెలియాలంటే ముందు యెషయా దగ్గరకు వెళ్లాలి. అక్కడ పశువుల తొట్టి లేదు, గొల్లలు లేరు, తూర్పు జ్ఞానులు లేరు. ఉన్నది ముట్టడి.

చాకిరేవు దారిలో ఒక సంభాషణ

అది క్రీ.పూ. 735 ప్రాంతం. తిగ్లత్పిలేసెరు ఏలుబడిలో అష్షూరు (అస్సీరియా) సామ్రాజ్యం పడమటి రాజ్యాలను ఒక్కొక్కటిగా లోబరచుకుంటోంది. దాన్ని నిలువరించడానికి దమస్కు రాజు రెజీను, ఉత్తర ఇశ్రాయేలు రాజు పెకహు జట్టుకట్టారు. యెరూషలేములో ఉన్న యూదా రాజు ఆహాజు ఆ జట్టులో చేరలేదు. అతణ్ణి దించి, టాబెయేలు కుమారుణ్ణి గద్దెనెక్కించాలన్న పన్నాగంతో ఇద్దరూ కలిసి యెరూషలేము మీదికి వచ్చారు. గాలికి అడవిచెట్లు కదిలినట్టు రాజు గుండె, ప్రజల గుండె కదిలాయని యెషయా 7వ అధ్యాయం చెబుతుంది.

ప్రవక్త రాజును కలుసుకున్న చోటు గమనించదగ్గది. రాజసభలోనో దేవాలయంలోనో కాదు, చాకిరేవు దారిలో, పై కోనేటి కాలువ చివర. ముట్టడి పడితే ఊరికి ప్రాణం నీరే కాబట్టి, ఆహాజు నీటి ఏర్పాట్లు చూసుకోవడానికి అక్కడికి వచ్చి ఉంటాడని వ్యాఖ్యాతలు చాలామంది అంటారు. యెషయా వెంట అతని కొడుకు కూడా ఉన్నాడు. ఆ పిల్లవాడి పేరు షెయార్యాషూబు. శేషించినవారు తిరిగివస్తారని దాని భావం. పిల్లల పేర్ల ద్వారా దేశానికి కబురు చెప్పడం ఆ ఇంట రివాజు. తరువాత పుట్టిన మరో కొడుక్కి పెట్టిన మహేరు షాలాల్ హాష్ బజ్ అన్న పేరు, దోపిడి తరుముకు వస్తోందని చాటింది. అదే శతాబ్దపు ప్రవక్త హోషేయ తన బిడ్డకు లోఅమ్మీ అని, అంటే 'నా జనము కాదు' అని పేరు పెట్టాడు. ఇమ్మానుయేలు ఈ వరుసలోని పేరు. ముద్దుగా పిలుచుకోవడానికి పుట్టింది కాదు, వినవలసినవారి చెవిలో పడేలా చాటడానికి పుట్టింది.

యెషయా మాట సూటిగా ఉంది. ఆ ఇద్దరు రాజులూ పొగ రాజుతున్న కొరకంచులు, కాలిపోయిన కట్టెల కొసలు, వాళ్లకు జడవకు. నమ్మకపోతే నిలబడలేవు. కావాలంటే ఒక గురుతు అడుగు, పాతాళమంత లోతైనది గానీ ఆకాశమంత ఎత్తైనది గానీ. ఆహాజు జవాబు: "నేను అడుగను, యెహోవాను శోధింపను."

వినడానికి ఎంతో భక్తిగా ఉన్న ఈ జవాబు తప్పించుకునే ఎత్తు. అతను మొగ్గిన దారి వేరు. తిగ్లత్పిలేసెరుకు "నేను నీ దాసుడను, నీ కుమారుడను" అని కబురు పెట్టి, దేవాలయంలోని వెండి బంగారాలను కానుకగా పంపిన సంగతి రెండవ రాజుల గ్రంథం 16వ అధ్యాయంలో ఉంది. ఆ అష్షూరు రాజు వేయించిన శాసనంలో కప్పం కట్టినవారి వరుసలో యూదా రాజు పేరు కూడా బయటపడింది. ఇరుగుపొరుగు రాజుల బెడద తప్పించుకోవడానికి అతను అందరికన్నా పెద్ద దొరను ఇంటికి పిలిచాడు.

వద్దన్న రాజుకే గురుతు వచ్చింది: "కన్యక గర్భవతియై కుమారుని కని అతనికి ఇమ్మానుయేలను పేరు పెట్టును." తరువాతి రెండు వచనాలూ చదివితే ఇందులో ఒక గడువు ఉందని తెలుస్తుంది. ఆ బిడ్డకు మంచిచెడ్డలు తెలిసే వయసు రాకముందే, రాజును భయపెడుతున్న ఆ ఇద్దరి దేశం పాడుబడుతుంది. అలాగే జరిగింది. క్రీ.పూ. 732లో దమస్కు అష్షూరు వశమైంది. పెకహును సొంత మనుషులే కూలదోసి చంపారు. మరో పదేళ్లకు, 722లో, ఉత్తర రాజ్యపు రాజధాని సమరయ కూడా పడిపోయింది.

పెరుగు, తేనె: విందా, వినాశమా?

ఆ బిడ్డ పెరుగు, తేనె తింటాడని 15వ వచనం. విడిగా వింటే విందు భోజనమే. కాని అదే అధ్యాయం చివరి వచనాలు ఇంకో చిత్రం చూపుతాయి. వెయ్యి ద్రాక్షచెట్లున్న తోటలో ముళ్లపొదలు లేస్తాయి. పారతో తవ్వి సాగుచేసిన కొండచరియలు పశువులను తోలే బీళ్లవుతాయి. ఒక ఆవు పెయ్యను, రెండు గొర్రెలను పెంచుకుంటే చాలు, దేశంలో మిగిలినవారందరికీ పెరుగు దొరుకుతుంది. తినేవారు తగ్గిపోగా, మాగాణి బీడుబడగా వచ్చిన సమృద్ధి అది. 17వ వచనం నుంచి అష్షూరు రాజు ప్రవేశిస్తాడు. ఆహాజు కూలికి తెచ్చుకున్న మంగలకత్తి అతని ప్రజల తలనే కాదు, గడ్డాన్ని కూడా గీసేస్తుందని ప్రవక్త ఎత్తిపొడుస్తాడు.

8వ అధ్యాయంలో అష్షూరు దండు పొంగిన నదిలా వచ్చి యూదా మెడ దాకా లేస్తుంది. ఇమ్మానుయేలు పేరు రెండోసారి వచ్చేది ఇక్కడే, వరదలో మునుగుతున్న దేశపు యజమానిని పిలిచినట్టుగా: నీ దేశమంతటా అది వ్యాపిస్తుంది. ఆపై రెండే వచనాల దూరంలో గొంతు మారుతుంది. శత్రువులు ఎన్ని ఆలోచనలు చేసినా వ్యర్థమే, ఎందుకంటే దేవుడు మాతో ఉన్నాడు. నీరు మెడ దాకా వచ్చింది గాని తల దాటలేదు. ఆహాజు కొడుకు హిజ్కియా కాలంలో, క్రీ.పూ. 701లో, అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తాడు. యూదాలో 46 ప్రాకార పట్టణాలు పట్టుకున్నానని, హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పక్షిలా బంధించానని రాయించుకున్నాడు. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం రాయించుకోలేకపోయాడు.

కాబట్టి యెషయా నోట ఇమ్మానుయేలు రెండువైపులా కోసే మాట. నమ్మినవారికి అది ధైర్యం. నమ్మకుండా వేరే బేరం కుదుర్చుకున్న రాజుకు, నీవు వద్దన్నవాడు ఇక్కడే ఉండి అంతా చూస్తున్నాడన్న హెచ్చరిక. దేవుడు తోడుగా ఉండటం అంటే కష్టం రాకపోవడం అన్న లెక్క ఈ రెండు అధ్యాయాల్లో ఎక్కడా కుదరదు.

ఆ బిడ్డ ఎవరు?

యెషయా కాలంలో ఆ పేరు మోసిన బిడ్డ ఎవరన్నది పాత తగవు. క్రీ.శ. 2వ శతాబ్దంలో క్రైస్తవ రచయిత జస్టిన్, ట్రిఫో అనే యూదుడితో జరిపిన సంవాదంగా రాసిన గ్రంథంలో, ఆ బిడ్డ హిజ్కియాయే అని ట్రిఫో వాదిస్తాడు. అందులో లెక్కల చిక్కుంది. రాజుల గ్రంథం చెప్పే వయసులను బట్టి చూస్తే ఆహాజు గద్దెనెక్కేనాటికే హిజ్కియా పుట్టి ఉండాలి. మధ్యయుగపు యూదు వ్యాఖ్యాత రాషీ ఈ చిక్కునే ఎత్తిచూపి, ఆ స్త్రీ యెషయా భార్య అన్న వైపు మొగ్గాడు. ఆమె ఎవరో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు, అప్పటికి కడుపుతో ఉన్న ఏ యువతి అయినా సరే, ఆమె బిడ్డ వయసే గడియారం అన్నది మరో వాదన. వచనం మొదటినుంచీ యేసు గురించినదే, వేరెవరికీ వర్తించదన్నది సంప్రదాయ క్రైస్తవ వ్యాఖ్యాతల్లో చాలామంది నిలుపుకున్న అభిప్రాయం. ఆహాజుకు ఇచ్చిన గడువును అది ఎలా సర్దుతుందన్న ప్రశ్న మాత్రం దానికి మిగిలే ఉంటుంది.

దీనికి జోడుగా నడిచేది 'కన్యక' వివాదం. హెబ్రీలో ఉన్న మాట అల్మా. ఈడొచ్చిన అమ్మాయి అని దాని భావం. కన్యత్వం ఊహించదగ్గదే గాని మాటలోనే నొక్కిచెప్పినది కాదు. క్రీస్తుకు పూర్వమే యూదులు చేసుకున్న గ్రీకు అనువాదం పార్థెనోస్ అన్న మాట వాడింది, సాధారణంగా కన్య అనే అర్థంలో వాడేది అదే. తరువాతి యూదు అనువాదకులు అకుల వంటివారు దాన్ని మార్చి 'యువతి' అని రాశారు. ఈ తగవులో ఇరుపక్షాలూ ఒక సంగతి మరిచిపోతుంటాయి. యేసు కన్యకు పుట్టాడన్న కథనం ఈ ఒక్క మాట మీద నిలబడలేదు. మత్తయి దాన్ని యెషయాను ఉటంకించడానికి ముందే చెబుతాడు. లూకా అయితే యెషయా 7:14ను ముట్టుకోకుండానే అదే సంగతి చెబుతాడు. అనువాదం తప్పని తేలితే క్రిస్మస్ కూలిపోతుందనుకునేవారూ, కూలిపోతుందేమోనని జడిసేవారూ ఆ మాట మీద దానికి లేని బరువు వేస్తున్నారు.

మత్తయి దృష్టిలో నెరవేరడం అంటే

ఫోన్లలో తిరిగే ప్రశ్న ఒక ఊహ మీద ఆధారపడి ఉంది: ప్రవచనం అంటే ముందే రాసిపెట్టిన జోస్యం, నెరవేరడం అంటే అందులోని ప్రతి ముక్కా అచ్చుగుద్దినట్టు జరగడం. మత్తయి అలా లెక్క వేయడని అతని తరువాతి పేజీయే చూపుతుంది. యోసేపు బిడ్డతో ఐగుప్తుకు పారిపోయి అక్కడ తలదాచుకున్న సందర్భంలో అతను హోషేయ 11:1ను ఉటంకిస్తాడు: ఐగుప్తులోనుండి నా కుమారుని పిలిచితిని. హోషేయలో అది భవిష్యత్తు గురించిన మాటే కాదు. వందల ఏళ్ల కిందట ఇశ్రాయేలు జనం ఐగుప్తు దాస్యం నుంచి బయటపడటాన్ని గుర్తుచేసుకుంటున్న మాట. అందులో 'కుమారుడు' ఆ జనమంతా.

మత్తయికి ఆ సంగతి తెలియదనుకోవడం కష్టం. అతను చెబుతున్నది వేరు. ఇశ్రాయేలు చరిత్రలో ఒకసారి జరిగినది యేసు బతుకులో మళ్లీ జరుగుతోంది, ఈసారి నిండుగా. ఇమ్మానుయేలు విషయంలోనూ అదే పద్ధతి. ఆహాజు నాడు దావీదు వంశపు గద్దె చేజారిపోయే ప్రమాదంలో ఒక బిడ్డ పుట్టుక గురుతయింది. ఇప్పుడు రోము పాలనలో, హేరోదు రాజ్యంలో, దావీదు వంశపువాడైన యోసేపు ఇంట మరో బిడ్డ. మత్తయి మొదటి అధ్యాయంలోని వంశావళిలో ఆహాజు పేరు కూడా ఉంది, 9వ వచనంలో. వరుసగా వచ్చే ఆ పేర్లను గబగబా చదివి దాటేస్తారు గాని, ఇమ్మానుయేలు మాటను మొదట విన్నవాడు అక్కడే ఉన్నాడు.

ఆపై మత్తయి ఆ పేరును మళ్లీ ఎత్తడు. దాని సారాన్ని మాత్రం పుస్తకం పొడవునా నడిపిస్తాడు. మొదటి అధ్యాయంలో "దేవుడు మనకు తోడు". 18వ అధ్యాయంలో ఇద్దరు ముగ్గురు నా నామమున కూడిన చోట నేను వారి మధ్య ఉంటానన్న మాట. 25వ అధ్యాయంలో ఆకలిగొన్నవారికీ పరదేశులకూ చెరలో ఉన్నవారికీ చేసినది నాకు చేసినట్టే అన్న తీర్పు. చివరి వచనంలో "సదాకాలము మీతో కూడ ఉన్నాను." మధ్యలో సిలువ మీద "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్న కేక కూడా అతను దాచలేదు. తోడు అన్న పేరున్నవాడే చెయ్యి విడిచారని కేక వేయడం మామూలు పండుగ సందేశాల్లో చోటు దొరకని విషయం. మత్తయి పుస్తకంలో మాత్రం అది కీలకమైన చోటే ఉంది.

పెట్టుదువు, పెట్టుదురు

ఇక పేర్ల చిక్కు. తెలుగు బైబిలు పాత అనువాదం చేతిలో ఉన్నవారు జవాబును తామే చూసుకోవచ్చు. మత్తయి 1:21లో దూత యోసేపుతో "యేసు అను పేరు పెట్టుదువు" అంటాడు. అది ఒక మనిషికి అప్పగించిన పని; 25వ వచనంలో యోసేపు ఆ పని చేస్తాడు కూడా. రెండే వచనాల తరువాత, 1:23లో, ఇమ్మానుయేలు అని "పేరు పెట్టుదురు". ఇక్కడ పెట్టేవారు చాలామంది. యెషయాలో అదే చోట ఉన్నది "పెట్టును", అంటే తల్లి పెడుతుందని. మత్తయి ఆ క్రియను ఏకవచనం నుంచి బహువచనానికి మార్చాడు, గ్రీకులోనూ అంతే. ఎవరు వారు? పాపాలనుంచి రక్షణ పొందే "తన ప్రజలు" అని 21వ వచనంలో ముందే చెప్పాడు గనుక, ఆ ప్రజలే అని వ్యాఖ్యాతలు చాలామంది తీసుకుంటారు. తండ్రి పెట్టినది యేసు. ఆయన చేసినది చూసిన జనం ఇచ్చేది ఇమ్మానుయేలు.

ఒంగోలు, నెల్లూరు ప్రాంతపు క్రైస్తవ కుటుంబాల్లో బడి రికార్డులో ఒక పేరు, చర్చిలో మరో పేరు ఉండటం కొత్త కాదు. అందుకే ఇమ్మానుయేలును కూడా అలాంటి రెండో పేరుగా తీసుకోవడం ఇక్కడ తేలిక. దగ్గరగా సరిపోయే పోలిక వేరే ఉంది, అదీ ఈ ప్రాంతానిదే. వినోదరాయునిపాలెంలో పుట్టిన బిడ్డకు కన్నవారు పెట్టిన పేరు ప్రకాశం. 1928 ఫిబ్రవరిలో మద్రాసులో సైమన్ కమిషన్ వ్యతిరేక నిరసనలో తుపాకులకు రొమ్ము చూపినందుకు జనం పిలుచుకున్న పేరు ఆంధ్రకేసరి. బారసాలనాడు ఆ పేరు పెట్టలేదు కాబట్టి అది ఆయనది కాదని ఎవరూ అనరు.

బైబిల్లోనూ ఈ వాడుక ఉంది. సొలొమోను పుట్టినప్పుడు ప్రవక్త నాతాను ద్వారా అతనికి యెదీద్యా అన్న పేరు వచ్చింది. యెహోవాకు ప్రియుడు అని. ఆ తరువాత అతణ్ణి ఎవరూ అలా పిలిచిన దాఖలా లేదు. అయినా రాయబడిన పేరు అబద్ధమని ఎవరూ వాదించలేదు. యెషయా 9:6లో వరుసగా వచ్చే ఆశ్చర్యకరుడు, ఆలోచనకర్త, సమాధానకర్తయగు అధిపతి కూడా పిలుపు పేర్లు కావు, ఏలిక ఎలాంటివాడో చెప్పే బిరుదులు.

పేరులో దేవుడుంటే మోసేవాడు దేవుడా?

ఇమ్మానుయేలు అన్న పేరు ఒక్కటే యేసు దైవత్వానికి రుజువని కొందరు బోధకులు చెబుతారు. ఆ వాదన అంత గట్టిది కాదు. హెబ్రీ పేర్లలో దేవుని నామం ఉండటం సర్వసాధారణం; ఏలీయా పేరుకు 'యెహోవాయే నా దేవుడు' అని అర్థం, అంతమాత్రాన ఏలీయా దేవుడని ఎవరూ అనలేదు. ఆహాజు చెవిలో ఇమ్మానుయేలు అంటే 'దేవుడు మన పక్షాన ఉన్నాడు' అన్న వాక్యం.

మరి సంఘం దాన్ని అవతారానికి ఎలా ముడిపెట్టింది? మత్తయి పుస్తకం చివర యుగసమాప్తి దాకా తోడుంటానని యేసు తానే అన్నాడు. దేవుడు అనవలసిన మాట ఆయన అనడంతో మొదటి అధ్యాయపు పేరు వెనక్కి తిరిగి కొత్త బరువు తెచ్చుకుంది. వాక్యము శరీరధారియై మన మధ్య నివసించెనన్న యోహాను 1:14 దానికి తోడైంది. క్రీ.శ. 325లో నైసియాలో జరిగిన బిషప్పుల సభ నాటికి ఈ పఠనం స్థిరపడింది. రుజువు పేరులో లేదు, పేరును చుట్టుకున్న మొత్తం కథనంలో ఉందని చెప్పడం వాదనకు మరింత బలమే ఇస్తుంది.

కరువు నేలలో 'తోడు'

ఈ ప్రాంతంలో క్రైస్తవం వేళ్లూనిన చరిత్ర కూడా ఆ పేరు వినిపించే తీరును కొంత దిద్దింది. అమెరికన్ బాప్టిస్టు మిషను 1840లో నెల్లూరులో మొదలైంది. పదమూడేళ్లకు, ఫలితం లేదని మూసేసే చర్చ అమెరికాలో జరిగింది. దానికి 'ఒంటరి నక్షత్రం' అన్న పేరు వచ్చింది అప్పుడే. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషనుకు చెందిన లైమన్ జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. అందుకే అది ప్రార్థన కొండ అయింది. 1866లో అదే మిషనుకు చెందిన జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. అప్పట్లో ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోదే.

1876-78 నాటి మహా కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకుని, ఆకలిగొన్నవారికి పని కల్పించాడు. అక్కడ అతను పదేపదే ఎత్తుకున్న వచనం మత్తయి సువార్తదే: ప్రయాసపడి భారము మోసుకొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి. తిండి కోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకుండా, సహాయం సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపాడు. ఆ తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు.

ఊరి బావి దగ్గరికి రానివ్వని జనానికి, గింజలు లేక వలసపోతున్న జనానికి 'దేవుడు మనకు తోడు' అన్న మాట సిద్ధాంతచర్చగా చేరలేదు. న్యాయాధిపతుల గ్రంథంలో గిద్యోను అడిగే ప్రశ్న వారి ప్రశ్న కూడా: యెహోవా మాకు తోడై ఉంటే ఇదంతా మాకెందుకు సంభవించింది? యెషయా 7వ అధ్యాయానికి ఈ ప్రశ్న ఎంతో దగ్గరిది. తొలితరం వారి పేర్లు మిషనరీల రాతల్లో పేరయ్య, కనకయ్య అనే కనబడతాయి. ఇమ్మానుయేలు వంటి పేర్లు తరువాతి తరాల్లో పెరిగాయి. పేరు ఇళ్లలోకి వచ్చేనాటికి దాని వెనుకనున్న ముట్టడి కథ మెల్లగా జారిపోయింది.

పండుగలో మిగిలిన సగం

ఈ పేరును ఏ సంఘం ఎలా వాడుతుందన్నది దాని ఆరాధన పద్ధతిని బట్టి మారుతుంది. కతోలికుల సాయంకాల ప్రార్థనలో డిసెంబరు 17 నుంచి 23 వరకు రోజుకొక బిరుదుతో రాబోయేవాణ్ణి పిలిచే పాత సంప్రదాయం ఉంది. జ్ఞానమా అన్న పిలుపుతో మొదలై ఏడోనాటికి ఇమ్మానుయేలు వస్తుంది. ఆ వరుసలో అది ఇంకా ఎదురుచూపే, రమ్మని వేడుకోవడమే. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో ఇలాంటి క్యాలెండరు పఠనాలు తక్కువ; ఏ వచనం తీసుకోవాలో బోధకుడే నిర్ణయిస్తాడు. అక్కడ ఇమ్మానుయేలు వచ్చేసినవాడు, అందుకే పాటలో, బ్యానరులో సంబరంగా కనబడతాడు. రెండింటికీ ఆధారం ఉంది. కాని రెండింటిలోనూ ఆహాజు కనబడడు. క్రిస్మస్ నాటికల్లో హేరోదుకు మీసాలు దిద్ది కిరీటం పెడతారు గాని, చాకిరేవు దారిలో నిలబడ్డ రాజుకు వేషం లేదు.

ప్రశ్న ఏటా తిరిగి రావడానికి ఇదొక కారణం. వచనం ఒక్కటే విడదీసి చదివినంత కాలం అది జోస్యంగానే కనబడుతుంది. జోస్యంగా కనబడినంత కాలం పేరు కలవలేదన్న అభ్యంతరం లేస్తూనే ఉంటుంది. దాన్ని ఎదుర్కోవడానికి బోధకులు మాటల అర్థాల మీద, అక్షరాల మీద వాదనలు పేర్చడం, అవతలివారు నిఘంటువులు తీయడం ఇప్పటికే ఫోన్లలో జరుగుతోంది. అధ్యాయం మొత్తం చదివే సంఘాల్లో ఈ అభ్యంతరానికి పట్టు తక్కువ. అక్కడ చర్చ పేరు ఎవరిది అన్నదాని నుంచి, భయం వేసినప్పుడు రాజు ఎవరిని నమ్మాడు అన్నదానికి జరుగుతుంది.

నిర్ణీత పఠనాలు పాటించే సంఘాల్లో కూడా మొత్తం చదవడం జరగదు. మూడేళ్ల పఠన చక్రంలోని మొదటి ఏడాది, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు నాలుగో ఆదివారానికి యెషయా 7వ అధ్యాయం వస్తుంది. కతోలికుల పఠనం 10 నుంచి 14వ వచనం దాకా; ప్రొటెస్టంటు సంఘాల్లో చాలావాటికి 16వ వచనం దాకా. అష్షూరు రాజు వచ్చేది 17వ వచనంలో.